శిష్యులా, బంట్లా? మన సంఘాల్లో శిష్యరికం గురించి

తెలుగులో శిష్యరికం అనే మాటకు పాత బరువు చాలా ఉంది. గురువుగారి ఇంట నీళ్ళు మొయ్యటం, గొడ్లు కాయటం, ఎదురు చెప్పకపోవటం, చివర్న దక్షిణ చెల్లించటం - ఇవన్నీ ఆ మాటలో ఇమిడే ఉన్నాయి. ఆ దక్షిణ కింద ఏకలవ్యుడి బొటనవేలు పోయిన సంగతి ఇక్కడ కొత్తగా చెప్పక్కర్లేదు. ద్రోణుడు అతనికి దగ్గరుండి నేర్పింది ఏమీ లేదన్న సంగతి మాత్రం మళ్ళీ చెప్పుకోవాలి. నేర్పనివాడు కూడా దక్షిణ పుచ్చుకున్నాడు. బైబిలును తెలుగు చేసినవాళ్ళు గ్రీకు మూలంలోని ‘మతేతేస్’ అనే మాటకు శిష్యుడు అని పెట్టారు. గ్రీకులో ఆ మాటకు నేర్చుకునేవాడు అని అర్థం, అంతే. తెలుగులోకి వచ్చేసరికి దాని వెంట గురుకులం మొత్తం నడిచొచ్చింది.

ఇప్పుడు మన వాడల్లో ఈ మాట మళ్ళీ గట్టిగా వినబడుతోంది. పాత మిషను సంఘాల్లోనూ, రేకుల షెడ్డుల్లో మొదలై మేడలైన స్వతంత్ర మందిరాల్లోనూ శిష్యరికపు తరగతులంటున్నారు, మెంటరింగ్ అంటున్నారు, ఆత్మీయ తండ్రి అంటున్నారు. ఆ చాపల మీద కూచునేవాళ్ళలో అత్యధికులు మాల మాదిగలే. కాబట్టి ఇది మతం లోపలి వ్యవహారమని దళిత అధ్యయనాలు చేసేవాళ్ళు పక్కన పెట్టటానికి వీల్లేదు. ఒక మనిషి ఇంకో మనిషిని ఎలా తీర్చిదిద్దుతున్నాడు, దేనికోసం, ఆ తీర్చిదిద్దటం ఎక్కడ ఆగాలి - ఇవి అధికారానికి సంబంధించిన ప్రశ్నలు. మా వాదన ఇది: నేర్చుకునేవాడు తన కాళ్ళమీద తాను నిలబడి, నేర్పినవాణ్ణి సైతం ప్రశ్నించగల సాటిమనిషి కావటమే శిష్యరికం అసలు ఉద్దేశం. అది జరగని చోట జరిగేది వెట్టి. మందిరంలో జరిగినా అది వెట్టే.

ఈ వాదన మేము బయటినుంచి తెచ్చి రుద్దుతున్నది కాదు. సువార్తల్నే చూద్దాం. మార్కు మూడో అధ్యాయంలో యేసు పన్నెండుమందిని ఎందుకు ఏర్పరచుకున్నాడో చెబుతుంది: తనతో ఉండటానికి, తాను పంపితే పోవటానికి. ఉండటం ఎంత ముఖ్యమో పోవటమూ అంతే ముఖ్యం. పైగా చదువు పూర్తయ్యాక పంపలేదు. ఆరో అధ్యాయానికే ఇద్దరిద్దరిగా ఊళ్ళమీదికి పంపేశాడు. అప్పటికి ఆయన ఎవరో కూడా వాళ్ళకు తిన్నగా బోధపడలేదు. పేతురు ఆ సంగతి నోరు తెరిచి చెప్పింది ఎనిమిదో అధ్యాయంలో. అర్హత వచ్చేదాకా ఆగమని అనటం మనకు తెలిసిన పద్ధతి, బడి దగ్గరా గుడి దగ్గరా విన్న పద్ధతి. ఇక్కడ అది లేదు.

మత్తయి ఇరవైమూడులో ఇంకా సూటిగా ఉంది. బోధకులని పిలిపించుకోవద్దు, భూమ్మీద ఎవరినీ తండ్రి అనొద్దు, మీరందరూ సోదరులు అని ఆ మాటల సారం. మరి ‘ఆత్మీయ తండ్రి’ అనే పిలుపు ఈ అధ్యాయం పక్కనే ఎలా బతుకుతోందో మాకు అర్థం కాదు. యోహాను సువార్త చివరి భాగంలో గురువే శిష్యుల కాళ్ళు కడిగాడు. ఆ రాత్రే వాళ్ళను ఇక దాసులని కాక స్నేహితులని అన్నాడు, కారణం కూడా చెప్పాడు - తాను తండ్రి దగ్గర విన్నదంతా వాళ్ళకు తెలియజేశాడు గనక. అంటే స్నేహానికి కొలత, తెలిసింది దాచుకోకపోవటం. వేదం విన్న శూద్రుడి చెవిలో సీసం కాచి పొయ్యమన్న ధర్మసూత్రాలు పుట్టిన దేశంలో ఈ ఒక్క మాటకు ఎంత విలువ ఉండాలి! మన పల్లెల్లో ఆ అధ్యాయం చదివినంతగా ఆ కొలత వాడటం లేదు.

గలతీయుల పత్రిక రెండో అధ్యాయం సంగతి కూడా ఇక్కడే ఎత్తాలి. అంతియొకయలో అన్యజనులతో కలిసి అన్నం తింటున్న పేతురు, యెరూషలేము మనుషులు రాగానే భయపడి పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. పేతురేమో యేసుతో తిరిగిన సీనియరు, పౌలు వెనక వచ్చినవాడు. తగాదా కలిసి కూడు తినటం మీద. ఎవరో చూస్తారని లేచిపోయేవాళ్ళను తరతరాలుగా చూసిన మనకు ఇది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కాని మేము చూసిన శిష్యరికపు పుస్తకాల్లో దీన్ని సహపంక్తి తగాదాగా చదివిన పాఠం ఒక్కటీ కనబడలేదు. పెద్దవాణ్ణి చిన్నవాడు నిలదీసిన పాఠంగానూ కనబడలేదు.

ఆ పుస్తకాలు ఎట్లా ఉంటాయో కాస్త చెప్పాలి. చాలామట్టుకు ఇంగ్లీషు నుంచి దించినవి. పది పన్నెండు పాఠాలు, ప్రతి పాఠం కింద ఖాళీలు పూరించటాలు. మొదటి పాఠాల్లోనే ‘ప్రశాంత సమయం’ వస్తుంది - ఉదయాన్నే తలుపేసుకొని ఏకాంతంగా వాక్యం చదువుకోవాలి. ఏ తలుపు? ఒంటిగది ఇంట్లో ఆరుగురు పడుకొనే చోట ఏకాంతం ఎక్కడిది? మిరపకోతల రోజుల్లో ఆడవాళ్ళు పొద్దు పొడవక ముందే అన్నం వండి, గిన్నె కట్టుకొని ఆటో ఎక్కుతారు. ఆ మనిషికి ఈ పాఠం నేర్పేది ఒక్కటే: నువ్వు విశ్వాసంలో వెనకబడ్డావని. ఆటోలో పన్నెండుమంది ఒకరిమీద ఒకరు పడుతూ పాడుకునే పాట ప్రార్థన కిందికి రాదా? పుస్తకం రాసినవాడికి ఆ ఆటో తెలీదు, దించినవాడికి తెలిసీ పట్టలేదు.

తరవాతి పాఠాల్లో లోబడటం వస్తుంది. దేవుడికి, తలిదండ్రులకు, భర్తకు, కాపరికి, ప్రభుత్వానికి - ఈ వరసలో భూస్వామి పేరు ఒక్కటే మిగిలిపోయింది! లోబడటం మనవాళ్ళకు ఎవరో నేర్పాల్సిన విద్యా? చెప్పులు చేతబట్టుకొని ఊరి వీధి దాటిన తాతల మనవలం. మాకు తక్కువైంది తల ఎత్తటం. రోగం ఒకటైతే మందు ఇంకోటి ఇచ్చినట్టుంది ఈ వ్యవహారం.

ఎవరైనా లెక్క అడిగితే అభిషిక్తుల జోలికి పోవద్దంటారు. 105వ కీర్తనలోని మాట అది. ఆ కీర్తన మొత్తం చదివినవాడికి ఇంకో సంగతి తెలుస్తుంది. అక్కడ అభిషిక్తులంటే పీఠం మీద కూచున్నవాళ్ళు కారు. లెక్కకు కొద్దిమంది, సొంత నేల లేనివాళ్ళు, రాజ్యం నుంచి రాజ్యానికి తిరుగుతున్న పరదేశులు. వాళ్ళను ముట్టొద్దని దేవుడు గద్దించింది రాజుల్ని. భూమి లేనివాడి కోసం పుట్టిన మాటను తిప్పి, భూమి లేనివాళ్ళ నోరు మూయించటానికి వాడుతున్నారు. మందిరం స్థలం పట్టా ఎవరి పేర ఉంది, కానుకల పుస్తకం ఎవరి బీరువాలో ఉంది, పెద్దాయన తరవాత ఆయన కొడుకే కాపరి ఎందుకవ్వాలి - శిష్యుడనేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్నలు మా దృష్టిలో ఇవే. కరణీకం మునసబీ వంశపారంపర్యాన్ని 1980ల్లో ప్రభుత్వం ఎత్తేసింది. మనం దాన్ని మందిరంలో దాచిపెట్టుకున్నాం.

ఇది ఎప్పుడూ ఇట్లాగే లేదు. ఒంగోలు ప్రాంతపు చరిత్ర ఇంకోలా మొదలైంది. తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసినవాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి పోయినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో ఒంగోలులో జూయెట్ దొర చేతి మీదుగా భార్యతోపాటు బాప్తిస్మం పొందాడు. జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే జరిగింది ఇది. అంటే క్లౌ వచ్చి పేరయ్యను వెలిగించలేదు, పేరయ్య అప్పటికే వెతుకులాటలో ఉన్నాడు. అతను రాజయోగపు మార్గంలో నడిచినవాడు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చేసిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అనే పుస్తకంలో మాదిగల మధ్య తిరిగిన గురువుల గురించి అధ్యాయాలున్నాయి. బండికట్ల వీరమ్మ అనే స్త్రీ అందులో ఒక గురువు. బ్రాహ్మణ గురుకులం తలుపులు మూసుకొనే ఉంది, నిజమే. కాని వాడకు తన గురువులున్నారు, వాళ్ళలో ఆడమనిషీ ఉంది. మిషను చరిత్రలు ఈ వెనకటి కథను చీకటి అని ఒక్క మాటతో కొట్టేస్తాయి. ఆ చీకటిలోంచే పేరయ్య నడిచొచ్చాడు.

1867 జనవరిలో పేరయ్య ఊరి దగ్గర క్లౌ 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. ఆ 28 మందిని కూడగట్టింది పేరయ్య. కొత్తగా వచ్చినవాడు మరుసటి రోజునుంచే ఇంకొకరికి చెప్పేవాడు. ఆ తొలిరోజుల్లోనే ఒంగోలు పైకులాలవాళ్ళు క్లౌ దగ్గరికొచ్చి, మాదిగల్ని చేర్చుకుంటే మేము రామన్నారు. ఏం చెయ్యాలో తోచక అతనూ భార్యా ఎవరికి వారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ మొదటి అధ్యాయమే తగిలిందని - లోకం నీచమన్నవాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడనే చోటు - అతనే రాసుకున్నాడు. ఈ కథను అద్భుతంగా చెప్పుకోవటం మనకు అలవాటు. మాకు అందులో కనబడేది ఒక గురువు తన శిష్యుల పక్షాన నిలబడి, పెద్ద పేరొచ్చే అవకాశాన్ని కాదనుకోవటం.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు, పని ఆగినప్పుడు జనం మధ్య కూచొని మాట్లాడారు. అన్నం కోసం మతం మారారనే మాట రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. తరవాత 1878 జులైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో మూడు రోజుల్లో 3,536 మంది బాప్తిస్మం పొందారు. జులై 3న ఒక్కరోజే 2,222 మంది. ఈ అంకె ప్రపంచమంతా తిరిగింది. తిరగాల్సినంత తిరగని సంగతి ఇంకోటుంది: ఆ రోజు ఏట్లో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. పన్నెండేళ్ళలో నీళ్ళలో దిగినవాడే నీళ్ళలో ముంచేవాడయ్యాడు. శిష్యరికం పని చేసిందనటానికి ఇంతకు మించిన రుజువు మాకు అక్కర్లేదు.

ఆ తరానికి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పనికి పోవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాల్ని కొలవొద్దు. పైకి ఇవి భక్తి నియమాల్లా కనబడతాయి. పల్లెలో వీటి అర్థం వేరు. వారానికో రోజు కామందు పొలంలో దిగనని మాదిగ అన్నాడు. చచ్చిన గొడ్డు ముట్టననటం, జాతరలో డప్పు కొట్టననటం ఊరి కట్టడిని తెంచటమే. అందుకే బావులు మూశారు, పనులు మాన్పించారు, కొట్టారు. ఆదివారం మన ప్రాంతపు మొదటి సమ్మె అంటే అతిశయోక్తి కాదు. అయితే ఇదే క్రమశిక్షణలో ఒక నష్టమూ ఉంది. బలవంతపు డప్పును కాదనటం వేరు, డప్పే పాపమనటం వేరు. రెండో తరానికి మిషను ఆ రెంటినీ కలిపేసింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలయ్యాక ఆ డప్పు తల ఎత్తి వీధిలోకి వచ్చింది. గురువు పొరపాటును శిష్యుల మనవలు సరిచేశారు, వందేళ్ళు పట్టింది.

దోర్నకల్ సంగతి వేరు దారి. అజరయ్య తమిళదేశపు నాడారు, మన భాష నేర్చుకొని వచ్చినవాడు. 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో తెల్లవాళ్ళ ముందు నిలబడి, మీరు త్యాగాలు చేశారు, మాకు స్నేహం కూడా కావాలని అడిగాడు. సభలో చాలామందికి అది మింగుడు పడలేదు. యోహాను పదిహేనో అధ్యాయాన్ని దొరలకు తిప్పి చదివి వినిపించటమే అది. 1912లో బిషప్పయ్యాక దోర్నకల్ అధ్యక్షమండలంలో బాప్తిస్మం పొందిన ప్రతివాడి చేతా తల మీద చెయ్యి పెట్టించి, నేను సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే భావం పలికించేవాడు. చదువురాని మాల మాదిగ కూలీలు నీళ్ళలోంచి లేస్తూనే బోధకులు. ఇది గొప్ప సంగతి. కాని ఆయనకూ పెద్దరికం వదల్లేదు. మన జనాన్ని శుభ్రం, మితం, క్రమం నేర్చుకోవాల్సిన బిడ్డలుగా చూశాడు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నాడు. స్నేహం అడిగి తెచ్చుకున్న మనిషి వాడకు అదే స్నేహం ఎంతవరకు పంచాడనేది ఇంకా తేల్చాల్సిన ప్రశ్న.

అంబేడ్కర్‌ను ఈ చర్చలోకి తెస్తే కొందరు పాస్టర్లు ముఖం చిట్లిస్తారు. అయినా తేక తప్పదు. క్రైస్తవంలోకి మారినవాడి పరిస్థితి మీద ఆయన రాసింది 1989లో రచనల సంపుటాల్లో అచ్చయింది. అందులో ఆయన పట్టుకున్న తప్పు చాలా లోతైంది. హిందువుగా ఉన్నప్పుడు అంటరానివాడికి నీ పతనం నీ కర్మ వల్ల అని చెప్పారు. క్రైస్తవుడయ్యాక నీ పితరుడి పాపం వల్ల అని చెప్పారు. రెండు చోట్లా అతన్ని పడదోసిన వ్యవస్థ మీదికి చూపు పోలేదు. దీనికి మన సంఘాలు ఇవ్వాళ్టికీ జవాబు చెప్పలేదు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. చనిపోయినవాళ్ళ వాడలు మందిరాలున్న వాడలే. ఆ తరవాత వచ్చిన ఏ పాఠంలోనైనా చంపినవాడి పాపం గురించి ఒక్క ఖాళీ పూరించమన్నారా?

ఆయన బుద్ధుడి గురించి చెబుతూ మార్గదాత వేరు, మోక్షదాత వేరు అన్నాడు. దారి చూపేవాడు ఒకడు, ముక్తి తన చేతిలో ఉందనేవాడు ఇంకొకడు. క్రైస్తవ విశ్వాసంలో రక్షకుడు క్రీస్తు, అది వాళ్ళ విశ్వాసం, మాకు అభ్యంతరం లేదు. మెంటరుకు మాత్రం మార్గదాత పనికంటే ఎక్కువ పని లేదు. దీవెన తన చేతిలో ఉందనీ, తనను విడిచిపోతే శాపం తగులుతుందనీ బెదిరించేవాడు క్రీస్తు కుర్చీలోనే కూచున్నాడు. ఈ మాట మేము వాళ్ళ వేదాంతం ప్రకారమే అంటున్నాం.

జాషువ గుర్తుకొస్తున్నాడు. తనకు గురువులిద్దరని చెప్పుకున్నాడాయన: పేదరికం ఒకటి, కులమత భేదం ఇంకోటి. మొదటిది ఓర్పు నేర్పిందనీ, రెండోది ఎదిరించే శక్తినిచ్చింది గాని బానిసను చెయ్యలేదనీ ఆయన మాటల భావం. వినుకొండ క్రైస్తవ ఇంట పుట్టి, ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందిన కవికి, తన గురువుల్ని లెక్కబెట్టేటప్పుడు ఏ కాపరీ గుర్తుకు రాలేదు! దీన్ని కవి గర్వమని తోసెయ్యొచ్చు. సంఘం మీద వేసిన మార్కుగా చదవటం మాకు న్యాయంగా తోస్తుంది.

ఇవ్వాళ కాలేజీకి పోయే పిల్లకు మెంటరింగ్ అంటే ఏం కావాలి? ఆమెకు రెండు పేర్లున్నాయి. సంఘపు రిజిస్టరులో మరియమ్మో రూతో, సర్టిఫికెట్టులో ఇంకేదో. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన దగ్గర మతం మారిన ఎస్సీలకు బీసీ-సి కింద 1 శాతం. శాసనసభ 2023 మార్చిలో ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారి కాపరిగా పనిచేస్తున్న మనిషి అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడంది. అంటే కులం పేరుతో తిట్టేవాడికి ఇతని మతం అడ్డు కాదు, కేసు పెట్టటానికి మాత్రం అడ్డు. ఆ పిల్ల ఇంత బరువు మోసుకుంటూ ఆదివారం తరగతికి వస్తుంది. అక్కడ లేచి, సాక్ష్యం చెప్పు, దాచొద్దు అంటారు. పాస్టరుగారూ, సర్టిఫికెట్టులో ఏం రాయమంటారు అని అడిగితే ప్రార్థన చేసుకోమ్మా అంటారు.

ఆమెకు మాట రాకుండా చేసేది ఇంకోటి కూడా ఉంది. పల్లెల్లో నిజంగా నేర్పినవాళ్ళు చాలాచోట్ల ఆడవాళ్ళు - బైబిలు స్త్రీలు, సండే స్కూలు టీచర్లు, ఉపవాస కూడికల్లో ఇంటింటికీ తిరిగే పెద్దమ్మలు. జీతం తక్కువ, గుర్తింపు అంతకంటే తక్కువ. 2013లో నంద్యాలలో పుష్పలలిత సి.ఎస్.ఐ. మొదటి మహిళా బిషప్పు అయ్యింది. ఆ సంఘం ఏర్పడి అప్పటికి 66 ఏళ్ళు. వీరమ్మ మాదిగలకు గురువుగా తిరిగింది అంతకంటే నూరేళ్ళకు పైగా ముందు. ఇప్పటికీ మన స్వతంత్ర మందిరాలు చాలావాటిలో స్త్రీ పాట ఎత్తొచ్చు, వాక్యం చెప్పకూడదు. ఆ పిల్ల ప్రశ్నకు జవాబు చెప్పగలిగినామె బహుశా వెనక చాపమీదే కూచొని ఉంటుంది. ఆమెను ముందుకు పిలిచి, 1950 ఉత్తర్వు కాగితం చేతికిచ్చి, తరగతి ఆమెనే నడపమనటానికి ఏ సిద్ధాంతం అడ్డమొస్తుందో కాపరులు చెప్పాలి.